మీ ఇల్లే అనుకోండి

తూనీగ ఎయిర్‌లైన్స్ వారి ప్రకటన పేపర్లో మొదటిసారి పడినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. సగం పేజీ నిండా ఒక విమానం బొమ్మ, దాని గుమ్మానికి మామిడాకుల తోరణం, కింద పెద్ద అక్షరాలతో "రండి, మా విమానం మీ ఇల్లే అనుకోండి" అన్న మాట. టికెట్టు ఏసీ బస్సు ఛార్జీ కన్నా తక్కువ.

మీ ఇల్లే అనుకోండి అన్న మాట తెలుగువాళ్ళకి కొత్తది కాదు. ఎవరింటికి వెళ్ళినా అంటారు. అన్నవాళ్ళూ అలా అనుకోరు, విన్నవాళ్ళూ అనుకోరు. అందుకని ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. తూనీగ వారు మాత్రం నిజంగానే అనుకున్నారు.

ఆ విమానంలో రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్ళడానికి గణపవరపు దొరబాబు బయలుదేరాడు. కడియంలో అతనికి మొక్కల నర్సరీ ఉంది. నలభైకి దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. రూపానికీ సంపాదనకీ లోటు లేదు. లోటల్లా మాటకే. మొక్కల గురించి అడిగితే పూటంతా చెబుతాడు. తన గురించి అడిగితే పక్కనున్న మొక్క వైపు చూస్తాడు. పెళ్ళిచూపులకు వెళ్ళిన ప్రతిసారీ అతని తరఫున అక్క సర్వలక్ష్మే మాట్లాడేది. ఆవిడ బాగానే మాట్లాడేది. ఎంత బాగానంటే, పిల్ల తరఫువాళ్ళు ఆవిడకి మరిది ఎవరైనా ఉన్నాడా అని వాకబు చేసేవారు.

ఈసారి సంబంధం హైమవతిది. హైదరాబాదులో లెక్కల లెక్చరరు. తిరుపతికి బదిలీ అయింది. ఆ రోజు మధ్యాహ్నం విమానంలోనే వెళ్ళిపోతోంది.

"ఆయన్ని ఒక్కరినే పంపండి సర్వలక్ష్మిగారూ. విమానాశ్రయం క్యాంటీన్లో కలుస్తాను. మీరొస్తే మళ్ళీ మనిద్దరమే మాట్లాడుకుంటాం" అని ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేసింది.

దొరబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో చిన్న కుండీలో గులాబీ మొక్కతో రాజమండ్రి విమానాశ్రయానికి వచ్చాడు. తూనీగ వారి కౌంటరు దగ్గర ఎవరూ లేరు. కాస్త పక్కగా, జరీ అంచు పంచె కట్టుకుని ఉత్తరీయం వేసుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కా జేబు మీద "పరాంకుశం, గృహభావనాధికారి" అని రాసి ఉంది.

"ఇక్కడ ఎవరూ లేరాండీ?" అని దొరబాబు మెల్లిగా అడిగాడు.

"తమరున్నారు కదా!" అన్నాడు పరాంకుశం.

దొరబాబు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఎవరూ లేరు.

"మా సంస్థయందు ప్రయాణికుడు అను పదము నిషేధింపబడినది. తమరు ఇంటివారు. తమ ఇంట్లోకి తాము ప్రవేశించుటకు మరొకరు చీటీ రాసి ఇచ్చుట తమకే అవమానం కాదా? కాగితములు అక్కడ కలవు. కలము తమ వద్ద ఉండియే ఉండును. బోర్డింగు పాసు రాసుకొనగలరు."

దొరబాబు రాసుకున్నాడు. తన వెనక వచ్చినవాళ్ళకి కలం లేకపోతే ఇచ్చాడు. పరాంకుశం అతని చొక్కాకి "ఇంటివాడు" అన్న బిళ్ళ తగిలించాడు. ఇంతలో సర్వలక్ష్మి ఫోను చేసింది.

"ఎక్కావా?"

"ఇంకా లేదే. ఇప్పుడే నన్ను ఇంటివాణ్ణి చేశారు."

అవతల నుంచి కెవ్వుమని కేక వినబడింది. "ఎవర్తిరా అది? ఇంకా హైదరాబాదే వెళ్ళలేదు కదరా!"

ఆ తరువాత సామాన్ల వంతు వచ్చింది. పెట్టెలు, సంచులు అన్నీ ఇంటివారే బండిలోకి ఎత్తి, తోసుకుంటూ వెళ్ళి విమానం పొట్టలో సర్దాలన్నాడు పరాంకుశం. నరసింహమూర్తి అనే వకీలుగారు దీనికి ఒప్పుకోలేదు. ఆయనది భారీ శరీరం, అంతకన్నా భారీ గొంతు.

"వినియోగదారుల కోర్టుకి లాగుతాను మిమ్మల్ని!"

"నిరభ్యంతరంగా లాగవచ్చును" అన్నాడు పరాంకుశం శాంతంగా. "అయితే ఇది తమ ఇల్లు. తమ ఇంటి మీద తామే దావా వేసిన పక్షంలో ప్రతివాది కూడా తమరే అగుదురు. ఓడినచో ఖర్చులు కూడా తామే ఇచ్చుకొనవలసి ఉంటుంది."

వకీలుగారు ఆ మాట రెండు మూడు రకాలుగా తిప్పి చూసుకున్నారు. ఎటు తిప్పినా తప్పు దొరకలేదు. చొక్కా చేతులు పైకి మడిచి పెట్టె ఎత్తారు.

విమానం ఎక్కాక ప్రతి సీటు మీదా ఒక చీపురో తడిగుడ్డో పెట్టి ఉంది. ఇల్లు ఊడ్చుకోకుండా ఎవరైనా కూర్చుంటారా అని పరాంకుశం అడిగితే, కూర్చోరని అందరూ ఒప్పుకున్నారు. మెట్ల కింద ముగ్గు కూడా వేయించబోయారు గానీ, విమానాశ్రయం వారు పడనివ్వలేదు. సంస్కృతి మీద జరిగిన ఆ దాడి గురించి తూనీగ వారు ఇప్పటికీ బాధతో చెబుతారు.

ఊడవడం అయ్యాక పరాంకుశం గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇక ఒక్క బాధ్యత మాత్రమే మిగిలియున్నది. తమలో విమానము నడుపుట ఎరిగినవారు ఎవరైనా కలరా?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరి వరసలో ఒకాయన సీట్లో కిందకి జారి, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న భార్య మోచేత్తో పొడిచింది.

"చెప్పండీ."

"నువ్వూరుకో" అని, తప్పక లేచి, "నేను పైలట్నే సార్. వేరే కంపెనీలో. కానీ సెలవులో ఉన్నాను. మా మరదలి పెళ్ళికి వెళ్తున్నాను" అన్నాడాయన.

"వంట వచ్చినవారు ఈ రోజు నాకు సెలవు అని ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టుదురా?" అన్నాడు పరాంకుశం.

"వెళ్ళండి మరి. మనం ముహూర్తానికి అందాలన్నా ఎవరో ఒకరు నడపాలి కదా" అని భార్య కూడా అంది. ఆయన గొణుక్కుంటూ ముందుకు వెళ్ళాడు. ఆయన పక్క సీటు కూడా ఖాళీగా ఉందని తెలిసి, కిటికీ పెద్దదని భార్య అందులో కూర్చుంది.

"ఈయనే లేకపోతే ఏం చేసేవారు?" అని వకీలుగారు అడిగారు.

"నిన్న ఎవరూ లేరు. అందరూ సాయంత్రము వరకు కూర్చొని, తలుపు వేసి, ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళిరి. తన ఇంట తాను ఊరక కూర్చొనుట ఏ చట్టప్రకారమూ నష్టపరిహారమునకు అర్హము కాదు."

బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించే పని దొరబాబుకి పడింది. పొడుగ్గా ఉన్నాడు కాబట్టి వెనకవాళ్ళకి కనబడతాడని పరాంకుశం ఉద్దేశం. అన్ని మొహాలు ఒక్కసారిగా తన వైపు చూడటం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. పక్కన చూద్దామంటే మొక్క కూడా లేదు, దాన్ని పైన పెట్టేశారు.

"అదండీ... బెల్టండి" అన్నాడు. తరువాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక ముసలమ్మ జాలిపడి, "చెప్పు బాబూ, పరవాలేదు" అంది.

"మేం మొక్కల్ని లారీ ఎక్కించినప్పుడండి" అని దొరబాబు మొదలుపెట్టాడు, "వేరు కదలకుండా గోనె చుట్టి కడతామండి. పైన ఆకు ఎంత ఊగినా పర్లేదండి, మొదలు కదలకూడదంతే. ఇదీ అంతేనండి. ఇలా నడుం దగ్గర బిగించుకోండి. పైనుంచి మాస్కు పడుద్దంటండి. పడితే మొహానికి పెట్టుకోండి. నీళ్ళలో పడితే తేలే జాకెట్టు సీటు కింద ఉందంటండి. పడదు లెండి. గోదారి దాటేశాక మనకి పెద్ద నీళ్ళు లేవు."

అందరూ బెల్టులు బిగించుకున్నారు. ముసలమ్మ చప్పట్లు కొట్టింది, మిగతావాళ్ళూ కొట్టారు. దొరబాబు చెమటలు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. తాను మాట్లాడితే మనుషులు వింటారన్న సంగతి అతనికి వింతగా ఉంది.

విమానం హైదరాబాదులో దిగింది. పైలట్ భార్య దారి పొడుగునా "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఉండటం వల్ల కొంచెం ఆలస్యమైంది. సామాన్లు దించుకుని అందరూ బయటికి పోబోతే గాజుతలుపు దగ్గర మరో అధికారి అడ్డం నిలబడ్డాడు. ఈయన పంచెకి జరీ అంచు ఇంకా వెడల్పుగా ఉంది. పేరు త్రివిక్రమశర్మ. హోదా ముఖ్య గృహభావనాధికారి.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"ఊళ్ళోకి" అన్నారు అందరూ.

"ఇంట్లో పని మిగిలియుండగా ఇంటివారు ఊరి మీద పడుట గృహధర్మమునకు విరుద్ధము. సదరు విమానము తిరుపతి వెళ్ళవలసియున్నది. ఊడ్చువారు లేరు, ఎత్తువారు లేరు. తమ స్థానమున మరొకరు వచ్చువరకు తమరు కదలరాదు."

"మరి మా మరదలి పెళ్ళి?" అన్నాడు పైలట్.

"ఇంట్లో శుభకార్యమును చూచుకొని పిమ్మట బయటి శుభకార్యములు."

వకీలుగారికి తిరుపతి విమానంలోకి ఉప్మా కోసం ఉల్లిపాయలు తరిగే పని ఇచ్చారు. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని తరుగుతున్నారు. అవి ఉల్లిపాయల వల్లేనని చూసినవాళ్ళతో చెబుతున్నారు. దొరబాబుకి కౌంటరు దగ్గరి నుంచి సామాన్లు బండి మీదికి చేర్చే పని పడింది. మొక్క చంకలో పెట్టుకుని, అక్కడికి వెళ్ళాడు.

కౌంటరులో నీలం నేత చీర కట్టుకున్న ఒకావిడ, చెవి మీద పెన్ను పెట్టుకుని, చకచకా చీటీలు రాసి ఇస్తోంది. ఎవరి పెట్టె బరువు ఎంతో నోటితోనే కూడేస్తోంది. తలెత్తకుండానే, "పేరు?" అంది.

"దొరబాబండి."

ఆవిడ తలెత్తింది. "కడియమా?"

"ఆయ్."

"క్యాంటీన్లో కదా కలుద్దామనుకున్నాం" అంది హైమవతి. "పొద్దున తొందరగా వచ్చాను. తొందరగా వచ్చినవాళ్ళు ఇంటికి పెద్ద అట. ఇక్కడ కూర్చోబెట్టేశారు. సామాను ఏమైనా ఉందా?"

దొరబాబు గులాబీ మొక్కని కౌంటరు మీద పెట్టాడు. "ఇది మీకేనండి."

ఆవిడ ఆ ఊపులోనే దాని కాడకి ఒక సామాను చీటీ కట్టేసింది. కట్టాక ఏం చేసిందో చూసుకుని నవ్వింది. ఆ నవ్వు దొరబాబుకి నచ్చింది. పక్కకి చూడాలని అతనికి తోచలేదు.

వరసలో జనం ఉన్నారు కాబట్టి వాళ్ళ పెళ్ళిచూపులు ముక్కలు ముక్కలుగా జరిగాయి. అతను ఒక పెట్టె ఎత్తుతాడు, ఆవిడ ఒక మాట అంటుంది. అతను బండి తోసి తిరిగి వస్తాడు, జవాబు చెబుతాడు.

"మీ అక్కగారు అన్నీ చెప్పేశారు. మీకు పొట్లకాయ పడదని కూడా."

దొరబాబు పెట్టె తీసుకెళ్ళి వచ్చాడు. "పడుద్దండి. ఇష్టమేనండి. పడనిది అక్కకండి."

హైమవతి పెన్ను పక్కన పెట్టింది. వరసలో వాళ్ళు కూడా ఆగారు.

"సరే, ఒక్కటే అడుగుతాను" అంది. "నేను ఉద్యోగం మానను. తిరుపతిలో ఉంటాను. మీ నర్సరీ కడియంలో. ఏం చేద్దామంటారు? అక్కగారిని అడిగి చెబుతానంటే మాత్రం ఇప్పుడే వద్దనేస్తాను."

దొరబాబు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే త్రివిక్రమశర్మ వచ్చాడు.

"తమరేనా బెల్టు ప్రసంగము చేసినది? పరాంకుశంగారు ఫోనులో మిక్కిలి శ్లాఘించినారు. తమ సేవలను ఇక వదులుకొనుట కల్ల. తమరు సాయంత్రము రాజమండ్రి విమానములో, రేపు విశాఖ, ఎల్లుండి మరల రాజమండ్రి. ప్రస్తుతము వంటగదిలోనికి పోయి విశ్రమింపుడు. అమ్మా, తిరుపతి విమానమునకు వేళయినది, తమరు వెళ్ళి చీపురు తీసుకొనవలెను."

దొరబాబు తెల్లబోయాడు. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉంది. ఒక్క నిమిషం ఉంటే వచ్చేదే. శర్మ అతని భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తున్నాడు. మామూలు దొరబాబైతే "అలాగేనండి" అని వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు కాళ్ళు కదల్లేదు.

హైమవతి కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చింది.

"శర్మగారూ, ఒక సందేహం. ఇది మా ఇల్లేనా?"

"అందులకు సందేహమా!"

"నేను ఈ ఇంటి ఆడపిల్లనేనా?"

"తప్పక."

"ఈయన నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు. మన ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చినాయన చేత మూటలు మోయించారు, ఇప్పుడు వంటింట్లోకి తోస్తున్నారు. రేపు కుదిరితే ఈయన ఈ ఇంటి అల్లుడు. నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

త్రివిక్రమశర్మ చెయ్యి దొరబాబు భుజం మీంచి కాలినట్టు లేచింది. మొహం పాలిపోయింది.

"ఈ విషయము మాకు నివేదింపబడలేదు" అన్నాడు. వెంటనే మూలకి వెళ్ళి ప్రధాన కార్యాలయానికి ఫోను చేశాడు. అక్కడ పెద్దలు సమావేశమయ్యారు. నిబంధనలన్నీ తిరగేశారు. ఇంటివాడు పని చేయాలని ఉంది గానీ, అల్లుడి ప్రస్తావన ఎక్కడా లేదు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరికో ఒకరికి అల్లుళ్ళే కాబట్టి, నిర్ణయం తొందరగానే వచ్చింది. శర్మ దాన్ని బిగ్గరగా చదివాడు.

"అల్లుడు అను వ్యక్తి ఇంటివాడే అయినను, సదరు ఇంటి పనికి శాశ్వతముగా అనర్హుడు. అతనికి జరుగవలసిన మర్యాదలు సంస్థయే జరుపవలెను."

దొరబాబుకి కుర్చీ వేశారు. కాళ్ళకి నీళ్ళిచ్చారు. కాఫీ తెచ్చారు. ఒకాయన వచ్చి విసనకర్రతో విసరడం మొదలుపెట్టాడు. ఏసీ ఉంది కదండీ అని దొరబాబు అంటే, మర్యాద మర్యాదే అన్నాడు.

ఉల్లిపాయలు తరుగుతున్న వకీలుగారు ఇదంతా చూశారు. కత్తి కింద పెట్టారు.

"నేనూ అల్లుణ్ణే!"

"ఏ కూతురి తరఫున?" అన్నాడు శర్మ.

"మా ఆవిడ మొన్న మీ విమానం ఎక్కింది. అంటే ఇది ఆవిడ ఇల్లు. ఆవిడ ఇల్లంటే నాకు అత్తవారిల్లు. వాదించండి చూద్దాం!"

శర్మ వాదించలేకపోయాడు. క్షణంలో ఆ చుట్టుపక్కలున్న మగవాళ్ళందరూ అల్లుళ్ళైపోయారు. చీపుర్లు, గుడ్డలు నేల మీద పడ్డాయి. ఆడవాళ్ళు, మేం పుట్టింటికి వచ్చాం, పుట్టింట్లో కూడా ఊడవాలా అని కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పైలట్ ఒక అడుగు ముందుకు వేసి అలిగాడు. వరసగా ఉన్న కుర్చీల మీద పడుకుని, తువ్వాలు మొహం మీద కప్పుకుని, ఎవరు పలకరించినా పలకలేదు.

"అల్లుడుగారూ, ఏమి కావలెనో సెలవియ్యండి" అని శర్మ వంగి బతిమాలాడు.

"అదే. సెలవు" అంది తువ్వాలు.

ఇచ్చారు. భార్యాభర్తలిద్దరూ మరదలి పెళ్ళికి పరుగెత్తారు. తిరుపతి విమానానికి ఎక్కడినుంచో జీతం తీసుకునే పైలట్లను పిలిపించారు. జీతం తీసుకునే పైలట్లను అంత దగ్గరగా చూడటం అదే మొదలు కాబట్టి, తూనీగ వారు వాళ్ళతో నిలబడి ఫోటో దిగారు. త్రివిక్రమశర్మ ఉత్తరీయం తలకి చుట్టుకుని పెట్టెలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆయనకి పెళ్ళి కాలేదని అందరికీ అప్పుడే తెలిసింది.

పెట్టెల మధ్య నుంచే ఆయన దొరబాబుకి గాజుతలుపు తెరిచాడు. "అల్లుడుగారూ, తమరు నిరభ్యంతరముగా వెళ్ళవచ్చును."

తలుపు అవతల ఎండా, టాక్సీలూ, ఊరూ కనబడుతున్నాయి. దొరబాబు అటు వెళ్ళలేదు. హైమవతి దగ్గరికి వచ్చాడు. ఆవిడ మొక్కని ఒక చేత్తో, సంచిని ఒక చేత్తో పట్టుకుని ఉంది.

"కడియంలో మావాళ్ళున్నారండి, నర్సరీ చూసుకుంటారు" అన్నాడు. "అటు కొన్నాళ్ళు, ఇటు కొన్నాళ్ళు తిరుగుతానండి. తిరుపతి దగ్గర ఎర్రమట్టి. కొంచెం చోటు దొరికితే అక్కడా మొక్కలు వేస్తాను. మీరు ఉద్యోగం మానక్కర్లేదండి. ఇది అక్క చెప్పమన్నది కాదు. అక్కకి నేనే చెప్పాలి."

హైమవతి సంచి కింద పెట్టింది.

"ఇందాక శర్మగారితో అల్లుడన్నది మిమ్మల్ని విడిపించడానికి అన్నాను" అంది.

దొరబాబు మొహం వాడింది. "తెలుసండి" అన్నాడు.

"అప్పుడు దానికే అన్నాను" అంది ఆవిడ. "ఇప్పుడైతే నిజంగానే అంటాను. సంచి పట్టుకుంటారా, అల్లుళ్ళు పట్టుకోకూడదా?"

దొరబాబు సంచి అందుకున్నాడు. టికెట్టు లేదు కదా అని శర్మని అడిగితే, అల్లుడికి టికెట్టేమిటని ఆయన నొచ్చుకున్నాడు. ఇద్దరూ ఎక్కారు. బెల్టు ఎలా పెట్టుకోవాలో ఆ విమానంలో శర్మే చూపించాడు. "కటిబంధమును" అని ఆయన మొదలుపెట్టేసరికి ఎవరికీ అర్థం కాలేదు. దొరబాబు లేచి గోనె సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఆ తరువాతి వారం తూనీగ వారు పేపర్లో ప్రకటన మార్చారని విన్నాను. ఇప్పుడు దాంట్లో తోరణమూ లేదు, ఇల్లన్న మాటా లేదు. "అవివాహితులకు ప్రత్యేక రాయితీ" అని మాత్రం ఉందట.

ఆ రోజు ఇద్దరూ తిరుపతిలో దిగేసరికి ఎండ చల్లబడింది. హైమవతి ఆటో మాట్లాడటానికి ముందుకు వెళ్ళింది. దొరబాబు ఫోను తీసి తనే అక్కకి చేశాడు. అంతకుముందెప్పుడూ అతను ముందుగా చేసి ఎరగడు.

"ఏరా, హైదరాబాదు ఎలా ఉంది?" అంది సర్వలక్ష్మి.

"తిరుపతిలో ఉన్నానే."

"పిల్లని చూసి రారా అంటే దేవుడి దగ్గరికెందుకు పోయావురా? అంత ఘోరంగా జరిగిందా? పోనీలే, బెంగపడకు. ఆ అమ్మాయితో ఫోన్లో నేను మాట్లాడతాను. ఆవిడ ఏమంది, ముందు అది చెప్పు."

"ఆవిడ ఏమందో తర్వాత చెబుతానే" అన్నాడు దొరబాబు. "ముందు నేనేమన్నానో విను."

ఫోనులో అక్క కుర్చీ లాక్కుని కూలబడిన చప్పుడు వినబడింది.

"నువ్వన్నావా?" అంది సర్వలక్ష్మి.